పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఉక్కు కట్టడాలకు రక్షణ పూతలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం తుప్పు గురించినవే. వానలు వెనకబట్టాక ఇంటి మీది రేకులనూ గోదాము స్తంభాలనూ తలెత్తి చూసుకోవడం మనకు అలవాటు కనుక ఇందులో ఆశ్చర్యం లేదు. ఒకే సంగతిని పలువురు అడిగిన చోట ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కుదించాను.

ప్రశ్న: భీమునిపట్నం దగ్గర, సముద్రానికి అర కిలోమీటరు దూరంలో మాకు ఒక గోదాము ఉంది. స్తంభాలు, ట్రస్సులు, పర్లిన్లు అన్నీ ఇనుప చానళ్ళు, యాంగిళ్ళతో చేయించాము. నాలుగేళ్ళలో రెండుసార్లు రంగు వేయించాము. మొదటిసారి రెడ్ ఆక్సైడ్ మీద ఎనామెల్ వేశారు. రెండవసారి పెయింటరు సలహా మీద దానిపైనే ఖరీదైన ఎపాక్సీ రంగు వేయించాము. అది ఏడాదిన్నరకే పొక్కులు లేచి పెచ్చులుగా ఊడుతోంది. ఏ కంపెనీ రంగు వాడితే నిలుస్తుందో చెప్పగలరు.

జవాబు: మీ ఉత్తరంలో రంగుల ధరలు, డబ్బాల లెక్క, కూలీల ఖర్చు అన్నీ వివరంగా ఉన్నాయి కానీ, రెండవసారి రంగు వేసే ముందు పాత రంగునూ దాని కింద ఉన్న తుప్పునూ ఎలా తీశారన్న సంగతి ఒక్క మాటైనా లేదు. మీ ప్రశ్నకు జవాబు ఆ రాయని మాటలోనే ఉందని నా అనుమానం. కంపెనీ పేరు మార్చినంత మాత్రాన మూడవసారి ఫలితం వేరుగా ఉండదు.

తుప్పు పట్టడం ఒక విద్యుత్ రసాయన చర్య. ఉక్కు ఉపరితలం మీద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా మారి తడిలోకి దిగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా మరొక చోటికి చేరి, అక్కడ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌తో చర్య జరుపుతాయి. ఈ రెండు చోట్లనూ కలపడానికి పలుచని తడి పొర చాలు. ఆ తడిలో ఉప్పు కలిసిందంటే విద్యుత్తు మరింత సులువుగా పారుతుంది. పైగా ఉప్పు గాలిలోని తేమను తనవైపు లాక్కుంటుంది కాబట్టి, సముద్రతీరంలో వాన పడని రోజున కూడా ఇనుము మీద కంటికి కనిపించని తడి ఉంటూనే ఉంటుంది.

ఇక రంగు విషయం. ఎంత మంచి రంగైనా నీటి ఆవిరిని పూర్తిగా ఆపలేదు. కొంత తేమ పొర గుండా లోపలికి దిగుతూనే ఉంటుంది. కింద ఉన్నది శుభ్రమైన ఉక్కు అయితే, పూత దానిని గట్టిగా పట్టుకుని ఉంటుంది కనుక ఆ తేమ నిలవడానికి చోటు దొరకదు. కింద ఉప్పు చిక్కుకుని ఉంటే కథ మారుతుంది. ఆవకాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్లే, పూత కింది ఉప్పు బయటి నీటిని పొర గుండా లోపలికి లాగి అక్కడ నీటి బుడగను తయారు చేస్తుంది. మీరు చూస్తున్న పొక్కులు అవే. ఒకదాన్ని గోటితో చిదిమి చూడండి. లోపల తడి, దాని కింద నల్లని తుప్పు కనిపించవచ్చు.

ఎనామెల్ కన్నా ఖరీదైన ఎపాక్సీ ముందుగా ఎందుకు ఊడిందని మీకు సహజంగానే కోపం వచ్చి ఉంటుంది. ఎపాక్సీ గట్టిపడే క్రమంలో కుంచించుకుంటూ తన కింది పొరను లాగుతుంది. ఆ కింది పొర బలహీనమైన పాత ఎనామెల్, వదులు తుప్పు అయినప్పుడు వాటిని కూడా వెంటబెట్టుకుని లేచివస్తుంది. ఎపాక్సీలోని ద్రావకాలు పాత ఎనామెల్‌ను మెత్తబరిచి ముడతలు పడేలా చేయడం కూడా మామూలే. ఊడిన పెచ్చు వెనుకవైపు తిప్పి చూస్తే సంగతి తెలుస్తుంది: అక్కడ ఎర్రని పొడి అంటుకుని ఉంటే, తప్పు పైనున్న రంగుది కాదు.

అసలు కొత్త ఇనుము మీద కూడా ఒక శత్రువు ఉంటుంది. కర్మాగారంలో ఎర్రగా కాల్చి రోలింగ్ చేసినప్పుడు ఉక్కు మీద నీలి నలుపు రంగులో నిగనిగలాడే ఒక పెళుసు పొర ఏర్పడుతుంది. దానిని మిల్ స్కేల్ అంటారు. ఫ్యాబ్రికేటర్లు చాలామంది దానిని చూసి కొత్త సరుకని మురిసి, దాని మీదనే రెడ్ ఆక్సైడ్ పూసేస్తారు. ఎండకూ చలికీ ఆ పొర బీటలు వారుతుంది. బీటలలో బయటపడిన ఉక్కుకూ చుట్టూ ఉన్న స్కేలుకూ మధ్య చిన్న బ్యాటరీ లాంటిది ఏర్పడి, ఉక్కు వేగంగా తినివేయబడుతుంది. కనుక మీ మొదటి ఎనామెల్ కూడా వేసిన రోజే ఓడిపోయి ఉండవచ్చు.

ఐఎస్‌ఓ 12944 అనే అంతర్జాతీయ ప్రమాణం వాతావరణాన్ని తుప్పు తీవ్రతను బట్టి సీ1 నుంచి సీ5 వరకు, ఆపైన సీఎక్స్‌గా విభజిస్తుంది. మీరున్న చోటు నా అంచనాలో సీ4కూ సీ5కూ మధ్య ఉంటుంది. సీ5లో పూత లేని మామూలు ఉక్కు మొదటి ఏడాదిలో 80 నుంచి 200 మైక్రాన్ల మందం కోల్పోతుందని లెక్క. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అలాంటి చోటికి ఆ ప్రమాణం చూపే ఒక మార్గం ఏమిటంటే, మొదట జింక్ పొడి దండిగా ఉండే ప్రైమరు, దాని మీద మందమైన ఎపాక్సీ పొర, ఎండను తట్టుకోవడానికి పైన పాలీయురెథేన్ పొర, అన్నీ కలిపి ఎండిన తరువాత 260 మైక్రాన్లు. ఇలా చేసిన పూత 15 నుంచి 25 ఏళ్ళ తరగతిలోకి వస్తుంది. 320 మైక్రాన్లు వేస్తే అంతకు పైబడిన తరగతి. ఈ ఏళ్ళు గ్యారంటీ కావు. మొదటి పెద్ద మరమ్మతు ఎప్పుడు రావచ్చో చెప్పే అంచనా మాత్రమే. అయితే జింక్ ప్రైమరు పనిచేసేది అందులోని జింక్ రేణువులు నేరుగా శుభ్రమైన ఉక్కును తాకినప్పుడే కనుక, తుప్పు మీద పూసిన జింక్ ప్రైమరు ఖరీదైన బూడిద రంగుతో సమానం. అందుకే ఆ ప్రమాణం దానికి ఎస్‌ఏ రెండున్నర అనే స్థాయి బ్లాస్టింగ్ (గ్రిట్ అనే గరుకు రేణువులను గాలి ఒత్తిడితో కొట్టి ఉక్కును శుభ్రం చేయడం) కోరుతుంది. అంటే స్కేలు, తుప్పు, పాత రంగు అన్నీ పోయి, అక్కడక్కడా చుక్కలుగానో చారలుగానో లేత మరకలు మాత్రమే మిగలాలి.

నిలబడి ఉన్న గోదామంతటినీ బ్లాస్టింగ్ చేయించడం భారమని నాకు తెలుసు. మీ స్థానంలో ఉంటే నేను డబ్బును ఇలా పంచేవాడిని. ముందుగా ఉక్కునంతటినీ ఒత్తిడితో కూడిన మంచినీటితో కడిగించి ఉప్పు వదిలిస్తాను. ఈ పని చేయకుండా బ్లాస్టింగుకు దిగితే ఉప్పు గుంటలలోకి మరింత దిగబడుతుంది. స్తంభాల అడుగు రెండు మీటర్లు, సముద్రం వైపు వరుస, వాన నీటి కాలువల పక్కనున్న ట్రస్సు చివరలు, ఇవి బ్లాస్టింగ్ చేయించి పైన చెప్పిన పూర్తి పూత వేయిస్తాను. మిగతా చోట గ్రైండరు, మోటారు వైర్ బ్రష్షుతో ఎస్‌టీ 3 స్థాయికి, అంటే వదులుగా ఉన్నదంతా పోయి లోహం మెరిసేదాకా, గీకించి, కొద్దిపాటి తుప్పును ఓర్చుకునే ఎపాక్సీ మాస్టిక్ వేయిస్తాను. దాని ఆయుష్షు తక్కువని ముందే ఒప్పుకుంటాను.

అంచుల గురించి ఒక మాట. తడి రంగు తలతన్యత వల్ల పదునైన అంచుల నుంచి వెనక్కి జారుకుంటుంది. చదును మీద 100 మైక్రాన్లు పడినప్పుడు యాంగిల్ అంచు మీద అందులో సగం కూడా నిలవకపోవచ్చు. అందుకే ప్రతి పొరకూ ముందు అంచులు, వెల్డింగులు, బోల్టు తలలు కుంచెతో విడిగా పూయించాలి. పెయింటర్లు విసుక్కుంటారు; పూయించండి. రెండు యాంగిళ్ళను వీపుకు వీపు ఆనించి చేసిన ట్రస్సుల్లో మధ్యనున్న సందులోకి ఏ కుంచే చేరదు. దానిని సీలెంటుతో మూసివేయించడమే దారి. ఉప్పుగాలి మధ్య నిలిచిన పాత పాంబన్ రైలు వంతెన మీద 2022 డిసెంబరులో రాకపోకలు ఆపివేశాక, 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైన కొత్త వంతెనకు పాలీసిలోక్సేన్ పూతతో పాటు పూర్తిగా వెల్డింగ్ చేసిన అతుకులు పెట్టారు. పత్రికలన్నీ పూత గురించే ఎక్కువగా రాశాయి. నా దృష్టిలో సందులు తగ్గించిన ఆ అతుకులు కూడా అంతే ముఖ్యం.

ప్రశ్న: మాది కూడా తీరప్రాంతమే. బ్లాస్టింగుకు గ్రిట్ కొనే బదులు ఒడ్డున దొరికే ఇసుకను ఆరబెట్టి వాడుకోవచ్చునా?

జవాబు: వాడరాదు. రెండు కారణాలున్నాయి, రెండవది మొదటిదాని కన్నా గంభీరమైనది. మొదటిది ఉప్పు: ఆరబెట్టిన ఇసుకలో నీరు పోతుంది కానీ ఉప్పు పోదు, ఏ ఉప్పును వదిలించుకోవడానికి శ్రమపడుతున్నామో దానినే గాలి ఒత్తిడితో ఉక్కులోకి కొట్టినట్లవుతుంది. రెండవది మనిషి ఊపిరి. ఇసుకలోని సిలికా పగిలి పొగలా లేచిన సన్నని ధూళిని పీల్చినవారికి సిలికోసిస్ వస్తుంది. దెబ్బతిన్న ఊపిరితిత్తులు తిరిగి బాగుపడవు. ముఖానికి తువాలు చుట్టుకుంటే ఆ ధూళి ఆగదు. రాగి కర్మాగారాల నుంచి వచ్చే కాపర్ స్లాగ్ గ్రిట్, గార్నెట్, ఉక్కు గ్రిట్ ఇందుకు వాడే సరుకులు. భీమునిపట్నం వంటి తీరపు ఇసుకలోనూ గార్నెట్ ఉన్నమాట నిజమే కానీ, దానిని తక్కిన ఖనిజాల నుంచి వేరుచేసి, కడిగి, జల్లించిన తరువాతనే అది బ్లాస్టింగ్ సరుకు అవుతుంది.

ప్రశ్న: నేను కరీంనగర్ వైపు వాడిని. సౌదీలోని జుబైల్‌లో పెయింటింగ్ ముఠాలో పని చేస్తున్నాను. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది కదా అని మేము పని మొదలుపెట్టబోతే ఇన్‌స్పెక్టరు ఏదో పరికరం తిప్పి, లెక్క చూసి, ఆపేస్తాడు. వాన లేదు, ఉక్కు తడిగా కనిపించదు. తొమ్మిది దాటాక ఎండలో మొదలుపెట్టమంటాడు. దీని వెనుక నిజంగా కారణం ఉందా?

జవాబు: ఉంది, అతడు మీకు అది చెప్పి ఉండవలసింది. ఆరుబయట నిలిపిన మోటారు సైకిలు సీటు తెల్లవారుజామున తడిగా ఉండడం మీరు ఊరిలో చూసే ఉంటారు. వాన పడలేదు, రాత్రి ఆకాశంలోకి వేడిని వదులుకుని సీటు చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడింది, గాలిలోని ఆవిరి దాని మీద నీరై దిగింది. ఆవిరి అలా నీరుగా మారే ఉష్ణోగ్రతను మంచు బిందువు అంటారు. అతడు చేతిలో తిప్పే పరికరంలో రెండు థర్మామీటర్లు ఉంటాయి; ఒకదానికి తడి గుడ్డ చుట్టి ఉంటుంది. ఆ రెండింటి తేడా నుంచి గాలిలో తేమనూ, మంచు బిందువునూ లెక్కగడతారు.

ఉదాహరణకు గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం అయితే మంచు బిందువు 26 డిగ్రీలకు కాస్త పైన ఉంటుంది. ఉక్కు దానికన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా, అంటే 29 డిగ్రీలకు పైన ఉంటేనే రంగు వేయాలన్నది నియమం. తేమ 85 శాతం దాటితే సాధారణంగా పని ఆపుతారు. గల్ఫ్ తీరంలో గాలి ఎడారి గాలిలా పొడిగా ఉంటుందని అనుకుంటాం కానీ, పక్కనే సముద్రం ఉన్నందువల్ల తెల్లవారుజామున తేమ చాలా ఎక్కువ. కంటికి కనిపించని ఆ తడి మీద రంగు పడితే అది ఉక్కును కాక నీటిని పట్టుకుంటుంది. బ్లాస్టింగ్ చేసిన ఉక్కు మీద ఆ తడి గంటల్లోనే పసుపు రంగు తుప్పును తెప్పిస్తుంది; అందుకే బ్లాస్టింగ్ చేసిన భాగానికి అదే షిఫ్టులో ప్రైమరు వేయమంటారు.

ఎండ ఎక్కువైనా చిక్కే. మిట్టమధ్యాహ్నం ఉక్కు పలక 50 డిగ్రీలు దాటినప్పుడు స్ప్రే చేస్తే రంగు ఉక్కును చేరకముందే సగం ఆరిపోయి, గరుకు పొడిలా పడుతుంది. ఉదయం పూట మంచు విడిచిన తరువాత, ఎండ ముదరకముందు దొరికే కొద్ది గంటలే మీ పని వేళలు. మీ ఇన్‌స్పెక్టరు మీద కోపం మాని, ఆ లెక్క నేర్చుకోండి. ఆ పని నేర్చుకుని పరీక్షలు రాసి ఇన్‌స్పెక్టర్లు అయినవారిలో మీలాగే కుంచె పట్టి మొదలుపెట్టినవారు ఉన్నారు.

ప్రశ్న: డబ్బా మీద రాసిన విస్తీర్ణానికి రంగు ఎన్నడూ సరిపోదు. కంపెనీలు అబద్ధం రాస్తాయా? మా పెయింటరు థిన్నరు ఎక్కువ కలిపి సరిపెడతానంటున్నాడు.

జవాబు: కంపెనీ రాసేది గాలికి పోయేది, గరుకు గుంటలలో దిగేది, డబ్బాకు అంటుకునేది లెక్కలోకి రాని సిద్ధాంతపు విస్తీర్ణం. కంపెనీ ఇచ్చే సమాచార పత్రంలో, ఆరాక మిగిలే ఘనపదార్థం రంగు ఘనపరిమాణంలో ఎంత శాతమో చూడండి. ఆ శాతాన్ని పదితో గుణించి, కావలసిన ఎండు మందంతో, అంటే మైక్రాన్ల సంఖ్యతో భాగిస్తే లీటరుకు చదరపు మీటర్లు వస్తాయి. 80 శాతం ఘనపదార్థం ఉన్న ఎపాక్సీని 125 మైక్రాన్లకు వేయాలంటే లీటరుకు 6.4 చదరపు మీటర్లు. స్ప్రే చేసినప్పుడు అందులో నాలుగో వంతు దాకా వృథా పోతుందని ముందే అనుకుని కొనండి.

థిన్నరుతో సరిపెట్టడమంటే పాలలో నీళ్ళు కలిపి గ్లాసులు నింపడమే. 50 శాతం ఘనపదార్థం ఉన్న రంగును 100 మైక్రాన్ల తడి మందంతో పూస్తే ఆరిన తరువాత 50 మిగులుతుంది. లీటరుకు పావు లీటరు థిన్నరు కలిపి అదే తడి మందంతో పూస్తే మిగిలేది 40. గోడ నిండింది, పొర తగ్గింది. తడి పొరలో గుచ్చి చూసే దువ్వెన లాంటి కొలత పరికరం తక్కువ ధరకే దొరుకుతుంది. ఒకటి కొని జేబులో పెట్టుకోండి.

ప్రశ్న: సిద్దిపేట దగ్గర ట్రాక్టరు షెడ్డు వేసుకుంటున్నాను. రేకుల దుకాణంలో 120 జీఎస్ఎం, 275 జీఎస్ఎం అని రెండు రకాల జీఐ రేకులు చూపారు. పైకి రెండూ ఒకేలా మెరుస్తున్నాయి. ధరలో తేడా ఎందుకు? నా చుట్టం కాకినాడలో ఉంటాడు. అక్కడ జీఐ రేకు మూడేళ్ళకే చిల్లులు పడుతుందని భయపెడుతున్నాడు.

జవాబు: మీరిద్దరూ చెప్పేది నిజమే కావచ్చు, ఎందుకంటే మీ ఊళ్ళు వేరు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు రేకుకు రెండు వైపులా కలిపి అంటుకుని ఉన్న జింక్ బరువు, గ్రాములలో. చాలామంది దీనిని ఒక వైపు బరువనుకుంటారు. ఒక వైపు 100 గ్రాముల జింక్ సుమారు 14 మైక్రాన్ల మందం. కనుక 120 రేకుకు ఒక్కో వైపు 8 మైక్రాన్లకు కాస్త పైన, 275 రేకుకు 19 మైక్రాన్లు ఉంటాయి.

జింక్ తుప్పు పట్టదని కాదు; నెమ్మదిగా, దాదాపు సమానంగా తరుగుతుంది. వాన తడి, ఎండ మార్చి మార్చి తగిలితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తన మీద తానే ఒక గట్టి బూడిద రంగు పొర కట్టుకుంటుంది. పరిశుభ్రమైన పొడి గాలి ఉన్న సీ2 వాతావరణంలో ఏటా 0.1 నుంచి 0.7 మైక్రాన్లు పోతుంది. సీ5 సముద్రతీరంలో 4.2 నుంచి 8.4 మైక్రాన్ల దాకా పోతుంది. ఇక భాగహారం మీరే చేయవచ్చు. సిద్దిపేట పొడి గాలిలో 120 రేకు జింక్ పన్నెండేళ్ళకు పైగా నిలిచే అవకాశం ఉంది. సముద్రపు గాలి నేరుగా కొట్టే చోట అదే రేకు జింక్ రెండేళ్ళలో అయిపోవచ్చు. మీ చుట్టం మూడేళ్ళన్నాడంటే అతిశయోక్తి కాదు. అతనికి 55 శాతం అల్యూమినియం కలిపిన పూత రేకు, అదీ రంగు వేసినది, మేలు. మీరు ట్రాక్టరు షెడ్డుకు 120 తీసుకున్నా తప్పులేదు. షెడ్డులో ఎరువుల బస్తాలు నిలవ చేసే ఉద్దేశం ఉంటే మాత్రం 275కు వెళ్ళండి.

జింక్‌కు రంగుకు లేని ఒక గుణం ఉంది. గీత పడినా, మేకు దిగినా, అంచు కోసినా, బయటపడిన ఉక్కుకు బదులు పక్కనున్న జింక్ తాను కరిగి దానిని కాపాడుతుంది. ఫ్రాన్సుకు చెందిన సొరెల్ 1837లో పేటెంటు తీసుకున్న ఈ పద్ధతికి గాల్వనైజింగ్ అన్న పేరు ఆ విద్యుత్ గుణం వల్లనే వచ్చింది. మన ఊళ్ళలో వీటిని తగరపు రేకులనడం వాడుక కానీ, తగరం వేరు, ఇది యశదం. తగరం పూసిన డబ్బా గీసుకుపోతే ఉక్కే ముందు తినివేయబడుతుంది.

షెడ్డు చట్రానికి కూడా రంగుకు బదులు గాల్వనైజింగ్ చేయించవచ్చు. చేసిన చట్రాన్ని ముక్కలుగా తీసుకెళ్ళి సుమారు 450 డిగ్రీల కరిగిన జింక్‌లో ముంచుతారు. ఐఎస్ 4759 అనే భారతీయ ప్రమాణం ప్రకారం 5 మిల్లీమీటర్లు, అంతకు మించిన మందం గల ఉక్కుకు ఒక్కో వైపు చదరపు మీటరుకు 610 గ్రాములు, అంటే 85 మైక్రాన్లకు పైగా పట్టాలి. రేకు పూతకూ దీనికీ పోలిక చూడండి. గొట్టాలతో చట్రం చేయిస్తే, ముంచడానికి ముందే గాలి పోయే రంధ్రాలు పెట్టించడం మరవకండి. లోపల చిక్కిన తేమ ఆ వేడికి ఆవిరై గొట్టాన్ని పేల్చగలదు. రేకులు తెచ్చిన రోజే ఎక్కించలేకపోతే, ఒకదానిపై ఒకటి తడిగా పడుకోబెట్టకుండా వాలుగా నిలబెట్టండి. లేకుంటే గాలి ఆడక తెల్లని బూజులాంటి జింక్ తుప్పు వస్తుంది.

ప్రశ్న: జీఐ పైపులతో చేసిన గేటుకు మామూలు ఎనామెల్ రంగు వేస్తే ఏడాదిలో పట్టలు పట్టలుగా ఊడింది. నకిలీ రంగా?

జవాబు: రంగు మంచిదే అయి ఉంటుంది. ఎనామెల్‌లో ఉండే నూనె జాతి పదార్థం జింక్‌తో చర్య జరిపి, రంగుకూ లోహానికీ మధ్య సబ్బులాంటి పొరను తయారు చేస్తుంది. సబ్బు మీద ఏది నిలుస్తుంది? పాత రంగును పూర్తిగా తీసి, జిడ్డు కడిగి, గరుకు కాగితంతో లేతగా రుద్ది, గాల్వనైజ్డ్ ఉపరితలానికని ప్రత్యేకంగా రాసి ఉన్న ప్రైమరు వేసి, ఆపైన మీకు నచ్చిన రంగు వేసుకోండి.

ప్రశ్న: రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని, రాజమహేంద్రవరం నివాసిని. మా రోజుల్లో వంతెనల గర్డర్లకు సిందూరం రంగు పూసేవారు. తుప్పును వైర్ బ్రష్షుతో గీకి పూసినా ఏళ్ళ తరబడి ఉండేది. ఇప్పటి రంగులు అంత ఓర్పు చూపవు. ఆ రంగును ఎందుకు మానేశారు?

జవాబు: అయ్యా, మీ జ్ఞాపకం సరైనదే. సిందూరం అంటే సీసపు ఎర్ర ఆక్సైడు. అవిసె నూనెతో కలిపినప్పుడు అది ఏర్పరిచే సీసపు సబ్బులు ఉక్కు తుప్పు పట్టే చర్యనే అణచివేసేవి; నూనె నెమ్మదిగా ఆరుతుంది కనుక మిగిలిన తుప్పు సందులలోకి దిగి తడిపేది. అరకొర శుభ్రతను అంతగా మన్నించిన ప్రైమరు మరొకటి రాలేదనే నా అభిప్రాయం కూడా. 1890లో స్కాట్లండులో ప్రారంభమైన ఫోర్త్ రైలు వంతెనకు మొదట పూసినదీ అదే.

దాని పగ మనుషుల మీద. సీసం నరాలకు, రక్తానికి, ముఖ్యంగా పసిపిల్లల మెదడుకు విషం. మన దేశంలో ఇళ్ళకూ అలంకరణకూ వాడే రంగులలో సీసం పది లక్షల పాళ్ళలో 90కి మించరాదన్న నియమం 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఫోర్త్ వంతెన మీద పాత పొరలన్నింటినీ తొలగించి, గాజు పలుకులు కలిపిన ఎపాక్సీని మూడు పొరల విధానంలో వేసే పని 2002 నుంచి 2011 వరకు సాగింది; తీసిన సీసపు ధూళి నదిలో పడకుండా వంతెన భాగాలను గుడారాలతో కప్పి పనిచేశారు. ఒక చివర నుంచి రంగు వేస్తూ రెండో చివరకు చేరేసరికి మొదటి చివర మళ్ళీ వేయవలసి వస్తుందని ఆ వంతెన గురించి లోకోక్తి ఉండేది. కొత్త పూత కనీసం 25 ఏళ్ళు ఉంటుందని వారి అంచనా.

మీ ఇంట్లో ఆ కాలపు కిటికీ ఊచలో, గ్రిల్లులో ఉండి గీకించదలిస్తే, పొడిగా రుద్దించకండి. తడిపి గీకించి, రాలినదంతా కాగితంలో ఎత్తించి, ఆ రోజు మనవలను వేరే ఇంట ఉంచండి.

ప్రశ్న: ఢిల్లీలోని ఇనుప స్తంభానికి పదహారు వందల ఏళ్ళుగా తుప్పు పట్టలేదు. ఆ పూత రహస్యం మన శాస్త్రవేత్తలు కనుక్కోలేకపోయారా? (ఏడుగురు విద్యార్థుల నుంచి)

జవాబు: కనుక్కున్నారు, అయితే అది ఎవరూ పూసిన పూత కాదు. కాన్పూర్ ఐఐటీకి చెందిన ఆర్. బాలసుబ్రమణియం ఆ స్తంభం మీద విస్తృతంగా పరిశోధించారు. కట్టెబొగ్గుతో, సున్నపురాయి లేకుండా ఖనిజం నుంచి తీసిన ఆనాటి ఇనుములో భాస్వరం నేటి ఉక్కులో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా, సుమారు పావు శాతం మిగిలిపోయింది. తడి, ఎండ మారుతూ ఉండగా ఆ భాస్వరం సాయంతో ఇనుము మీద పలుచని గట్టి రక్షక పొర ఏర్పడింది. అంటే మొదట కొద్దిగా పట్టిన తుప్పే కవచమైంది. ఢిల్లీ గాలి ఏడాదిలో ఎక్కువ కాలం పొడిగా ఉండడం కూడా కలిసివచ్చింది. స్తంభంలో భూమిలో పాతి ఉన్న భాగానికి తుప్పు పట్టింది. ఇదే స్తంభాన్ని మచిలీపట్నం ఒడ్డున నిలబెట్టి ఉంటే ఇలాగే ఉండేదని నేను అనను. మరి ఇప్పుడు అంత భాస్వరం ఎందుకు కలపరని అడుగుతారేమో. భాస్వరం ఎక్కువైన ఉక్కు చలిలో పెళుసవుతుంది, వంతెనకూ ట్రస్సుకూ పనికిరాదు.

ప్రశ్న: తుప్పును నల్లగా మార్చి ఆపేస్తుందని ఒక ద్రవం అమ్ముతున్నారు. ఇది మోసమా?

జవాబు: మోసం కాదు, కానీ అమ్మేవాడు చెప్పేంత గొప్పదీ కాదు. అందులో ప్రధానంగా టానిక్ ఆమ్లమో, ఫాస్ఫారిక్ ఆమ్లమో ఉంటుంది. టానిన్ ఇనుముతో కలిస్తే నీలి నలుపు రంగు పదార్థం ఏర్పడుతుంది. ఈ రసాయనం మనకు కొత్తది కాదు: శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ రసంలో ముంచిన బట్ట మీద, బెల్లంలో ఇనుప ముక్కలు ఊరబెట్టి తీసిన నీటితో గీత గీస్తే నల్లగా తేలేది ఇందువల్లనే. తుప్పు పొర పలుచగా ఉన్న చోట, గేటు, గ్రిల్లు వంటి వాటికి, ప్రైమరు వేసే ముందు ఇది ఉపకరిస్తుంది. పొర మందంగా ఉంటే పైపైనే నల్లబడి, కింద ఎర్రగానే మిగులుతుంది. ఉప్పు చిక్కుకున్న తుప్పును ఇది ఏమీ చేయలేదు. బరువు మోసే స్తంభాలకు దీనిని నమ్ముకోవద్దు.

ప్రశ్న: ఇల్లు కడుతున్నాము. కొన్న కడ్డీలు వానకు తడిసి ఎర్రబడ్డాయి. మేస్త్రీ రెడ్ ఆక్సైడ్ పూద్దామంటున్నాడు.

జవాబు: పూయించవద్దు. కాంక్రీటు తన క్షార గుణంతోనే కడ్డీని కాపాడుతుంది. మామూలు రంగు పూస్తే కాంక్రీటుకూ కడ్డీకీ పట్టు తగ్గుతుంది. చేతికి పొడిగా రాలే తుప్పును గోనెపట్టాతోనో వైర్ బ్రష్షుతోనో తుడిపించండి. పలుచని ఎరుపు మిగిలినా నష్టం లేదు. కడ్డీ గుంటలు పడి సన్నబడితే మాత్రం దానిని వెనక్కి పంపండి. మిగిలిన కడ్డీలను నేల మీద కాక దుంగల మీద పెట్టించి, టార్పాలిన్ కప్పించండి.